పదమూడు మజిలీలు

కాస్ట్రోలో, గుంజల మీద నిలబడ్డ ఇళ్ళ వరసలో
పసుపు రంగు వెలిసిపోయిన ఇల్లు వాళ్ళది.
పోటు వేళ నేలకింద నీళ్ళు, ఆటు వేళ బురద.
కింది గదుల్లో ఎదువీహిస్, మేడ మీద ఒతీలియా.
నాన్న పడవని ఎవరు అమ్మారన్న దగ్గర
ఏడేళ్ళ కిందట ఆగిపోయింది మాట.
అప్పట్నుంచీ ఈమెయిలే.

"కట్టెలు అయిపోయాయి."
"నీ పిల్లి నా మంచం ఎక్కింది."
"ఆదివారం బంగాళదుంపలు ఒలవడం నీ వంతు."
విషయం అన్న గడి ఎప్పుడూ ఖాళీ.

నెట్ నెమ్మదిగా ఉందని ఫిర్యాదు చేశారు
ఇద్దరూ, విడివిడిగా, ఒకే నిమిషంలో.
కంపెనీ నన్ను పంపింది, నిచ్చెనతో.

లాప్‌టాప్ తెరిచి అక్కగారికి చూపించాను
ఆవిడ ఉత్తరం నడిచే దారి.
"సెన్యోరా, మీరు 'పంపు' నొక్కగానే
అది ముక్కలవుతుంది. ప్రతి ముక్క నెత్తినా
ఎక్కణ్ణించి, ఎక్కడికి, ఎన్నో ముక్క,
వాటితోపాటు ఆయుష్షు కూడా రాసి ఉంటుంది:
అరవై నాలుగు.
కూడలి దాటినప్పుడల్లా ఒకటి తరుగుతుంది.
సున్నా అయితే అక్కడికక్కడే రాలిపోతుంది,
దారి తప్పి లోకం చుట్టూ
ఎప్పటికీ తిరుగుతూ ఉండిపోకుండా."
ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది.
"అది నయమే," అంది.

ప్వెర్తో మోన్త్. సాంతియాగో.
వాల్పరైసో దగ్గర సముద్రంలోకి దిగి,
వెంట్రుకంత గాజుపోగులో మినుకుమినుకుమంటూ
చేపలకి తెలియకుండా పనామా దాకా.
ఆ పైన ఎక్కడో ఉత్తరాన
కిటికీల్లేని చల్లటి కొట్లో ఒక అర.
తొమ్మిదో మజిలీ పేరు చెప్పలేదు,
తెర మీద మూడు చుక్కలు పడ్డాయంతే.
"వీడెవడు?"
"ఉన్నాడు. బరువు మోస్తాడు.
పిలిస్తే మాత్రం పలకడు."
ఆవిడ తలెత్తి ఇంటికప్పు వైపు చూసింది.

"అయితే నా మాట అంత దూరం పోయి
మళ్ళీ ఈ మేడ మీదికే వస్తుందా?"
"దానంతటది రాదు. ఆ అరలో కూర్చుని ఉంటుంది.
చెల్లెలుగారు వచ్చి, పేరు చెప్పి,
రహస్యపు మాట అప్పజెప్పి అడిగితేనే ఇస్తారు.
పదమూడు మజిలీలు మీవి, తిరిగి ఆవిడవి మరో పదమూడు."
ముక్కేదంటే తలచుట్టూ చెయ్యి తిప్పినట్టు!
నాకు నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు.
"మెట్లు పదకొండు," అంది.

జూలైలో గాలివాన.
చాకావ్ జలసంధి దగ్గర లైను తెగి
ద్వీపమంతా మూగబోయింది.
మా ఆఫీసు సర్వర్ ఒక్కటే మెలకువగా ఉంది.
అది మొండిది: ఇప్పుడు కాదంటే పావుగంటకి,
అప్పుడూ కాదంటే గంటకి, మళ్ళీ గంటకి,
ఐదు రోజులు చూసి అప్పుడు గానీ
క్షమించమని వెనక్కి తిప్పదు.
ఆ వరసలో నిలబడి ఉంది
ఎదువీహిస్ నుంచి ఒతీలియాకి ఒకటి.
లోపల చూడటం నా పని కాదు.
కవరు మీద బరువు మాత్రం కనిపిస్తుంది:
ఎప్పుడూ రెండు కిలోబైట్లుండేది
ఈసారి నలభై.

మూడో రోజు వాన తెరిపిచ్చింది.
వాళ్ళింటి తీగ కూడా గాలికి ఊడి వేలాడుతోందంటే
మళ్ళీ వెళ్ళాను.
నిచ్చెన గోడకి ఆనిస్తుంటే లోపల చప్పుడు.
చీపురుకర్రతో కప్పు మీద
టక్, టక్.

మా వాళ్ళు దీన్ని పింగ్ అంటారు.
ఉన్నావా అని అడగడం, ఉన్నానని అనడం,
అంతకుమించి సరుకేమీ ఉండదు అందులో.
అలవాటుకొద్దీ లెక్కపెట్టాను:
ఒకటి. రెండు. మూడు.
పైన పిల్లి దూకిన చప్పుడు, అది లెక్కలోకి రాదు.
నాలుగు.
చెప్పు మడమతో నేల మీద, ఒక్కసారి,
టక్.

నాలుగు సెకన్లు.
మా లెక్క ప్రకారం అది చాలా ఆలస్యం,
ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చు.

నేను నిచ్చెన ఎక్కి తీగ అందుకున్నాను.
చేతులు చలికి కొంకర్లు పోతున్నాయి, నిజమే,
కానీ ఆ ఒక్క ముడీ వెయ్యడానికి
అంతసేపు పట్టక్కర్లేదు.